నేల మీది పేర్లు

మా తమ్ముడు నోయలు కుదురుగ కూసున్నది నా జిందగీల రెండే సార్లు చూసిన. ఒకటి విమానంల. రెండోది ఆఖరుకు చెప్త. మిగిలిన కాలమంతా కాలుగాలిన పిల్లి లెక్కనే. అన్నం ముందట కూసుంటే మోకాలు ఊగుతనే ఉంటది. గుడిల పాస్టరు అయ్యగారు వాక్యం చెప్తుంటే తాళంచేతుల గుత్తి వేలికి తిప్పుతనే ఉంటడు. ఫోను మాట్లాడితే ఇల్లు మొత్తం మూడు చుట్లు తిరుగుతడు. నేను అక్కను కాబట్టి అంటున్న. ఇంకెవరన్నా అంటే ఊకోను.

నా పేరు హేబ్సిబా. బీదర్ల ఒక దవాఖానల ముప్పై ఏండ్లు నర్సు పని చేసిన. ఊళ్ళె ఇప్పటికీ సిస్టరమ్మ అనే పిలుస్తరు. పెండ్లి ఎందుకు చేసుకోలేదని అడగకుండ్రి, అది వేరే కథ. తమ్మునింట్లనే ఉంట. వాడు, వాని భార్య ఫెబా, బిడ్డ జాయ్, నేను. అండ్ల ముగ్గురం ఆడోళ్ళం, ముగ్గురికీ మంచి నోరున్నది, అయినా వాని మాటే నడుస్తుండె.

మా నాయన యెహోషువ లారీ డ్రైవరు. డెబ్బై ఐదుల, మిట్టమధ్యాహ్నం, మన్నాఏఖేళ్ళి దాటినంక లారీ పోయి చింతచెట్టుకు గుద్దింది. నాయన అక్కడికక్కడనే పోయిండు. క్లీనరుగ ఉన్న సంసోను బతికిండు. అప్పుడు వానికి పదిహేడో పద్దెనిమిదో. తలకు పట్టీతోని మా ఇంటికొచ్చి, "బ్రేకులు ఫెయిలైనయమ్మా" అని మా అమ్మ కాళ్ళ కాడ కూలబడి ఏడ్చిండు. మా అమ్మ రిబ్కా ఆ లారీ సేటును సచ్చేదాక తిట్టింది. బండి బాగు చేయించకుంట రోడ్డెక్కించిండని. ఆ సేటు బజార్ల ఎదురొస్తే నేను కూడ మొఖం తిప్పుకుంటుంటి. నోయలుకు అప్పుడు పదకొండేండ్లు. ఆ దినం నుంచి వానికి ప్రపంచంల రెండే రకాల బండ్లు. బ్రేకులు చూసినవి, చూడనివి.

పదో తరగతి కాంగనే వాడు కూడ లారీనే ఎక్కిండు. స్టీరింగు నేర్పిందెవరో తెలుసా? సంసోనన్ననే. తరువాత వాడు ఒక లారీ కొన్నడు, దాని మీద ఇంకోటి. హైదరాబాదు పిచ్చి లేసినట్టు కట్టుడు మొదలుపెట్టింది కదా, గచ్చిబౌలి అంటివా, కొత్త రింగు రోడ్డు అంటివా, ఎక్కడ చూసినా పునాదులే. గుల్బర్గా దిక్కునుంచి సిమెంటు ఎత్తుకొని పోతనే ఉండాలె, ఎంత పోసినా ఆ ఊరికి చాలది. రెండువేల ఐదు వచ్చేసరికి మావోనికి పదకొండు లారీలు, మన్నాఏఖేళ్ళిల ఒక రేకుల ఆఫీసు. సంసోనన్న వాని కాడ పెద్ద డ్రైవరు.

ఇగ విమానం సంగతి. బీదర్ల పుట్టినోనికి విమానం కొత్తనా? పైలట్లకు నేర్పే ఏర్‌ఫోర్సోళ్ళు పొద్దుగాల విమానాలు లేపుడు మొదలువెడితే మా ఇంట్ల గిలాసలు గలగలమంటయి. బడిల పంతులు నోరు మూసుకొని, సప్పుడు పోయినంక మల్ల అక్కడినుంచే పాఠం ఎత్తుకుంటుండె. మేం పట్టించుకోం. నోయలు మాత్రం ఎప్పుడు సప్పుడైనా తల ఎత్తి చూస్తుండె, ఇప్పటికీ చూస్తడు. ఒకసారి బేగంపేట దిక్కు సిమెంటు దింపుడుకు పోయి, అక్కడ విమానం నడుపుడు నేర్పుతరని విని, నెత్తి నిండ సిమెంటు దుమ్ముతోనే లోపలికి పోయిండంట. "నాకు లారీ వస్తది. ఇది వస్తదా?" అని అడిగిండంట. వాళ్ళు నవ్వలేదు. అది వాళ్ళ మంచితనం.

నలభై ఏండ్లకు వాడు పుస్తకం పట్టిండు. మబ్బుల పాఠం, దారి లెక్కల పాఠం, ఆకాశం కానూను పాఠం. అన్నీ ఇంగ్లీషులనే. జాయ్ వానికి పంతులమ్మ. సాయంత్రం అది పుస్తకం పట్టుకొని కూసోని అడిగేది, వీడు ఇల్లు తిరుక్కుంట చెప్పేది. తప్పు చెప్తే అది "లేచి నిలబడు" అనేది. వాడు ఎట్లాగు నిలబడే ఉండె! ఒక పరీక్షల రెండుసార్లు తప్పి, మూడోసారి పాసైండు. నలభై గంటలు ఎగిరిండు, లైసెన్సు వచ్చింది. సొంత ఖుషీకి నడుపుకునే లైసెన్సు అది. ఎవర్నన్నా కిరాయికి ఎక్కించుకుంటే నేరం. విమానం కూడ సొంతం కాదు, గంటల లెక్కన తీసుకొని నడుపుడే.

లైసెన్సు వచ్చిన కాడికెల్లి ఇంట్ల ఇదే గొడవ. కొన్ని దినాలు రూల్లను పొగుడుతడు, కొన్ని దినాలు తిడుతడు. "అక్కా, ప్రతి చిన్న కాగితం ఢిల్లీకి పోవాలె. అర్జీ పోతది, ఢిల్లీల నిద్ర పోతది. నా లైసెన్సు వచ్చేటాల్లకు జాయ్ ఒక క్లాసు పైకి పోయింది. రూలు ఉండాలె, గని దాని మీద దుమ్ము పడి ఉండొద్దు." ఇంకో కోపం మా ఊరి మీద. బీదరు ఆకాశమంతా ఏర్‌ఫోర్సోళ్ళది. పుట్టిన ఊరు మీదికెల్లి ఒక్కసారి ఎగురుతనంటే కుదరది. "మన ఇంటి మిద్దె పైనుంచి ఎట్లుంటదో చూసే భాగ్యం లేదు నాకు" అంటుండె. వాళ్ళ కాడ పిల్లలు విమానం నడుపుడు నేర్చుకుంటుంటరు కదరా, నడుమ నువ్వు పోతే ఏమైతదిరా అంటే, "అందుకే పోతలే కదా!" అని నా మీదనే ఎగురుతుండె.

పొగిడే దినాలు వేరు. "లారీకి అద్దం తుడిచి, అగరొత్తి ఎలిగించి పోతరు. విమానానికి రెక్క కింద వంగి, పెట్రోలు కొంచెం సీసల పట్టి, ఎండకు పెట్టి నీళ్ళున్నయా చూస్తరు. ఏ బోల్టు ఎప్పుడు మార్చిన్రో కాగితం ఉంటది. ఇవన్నీ ఎవరో సచ్చిపోయినంక రాసిన రూల్లు అక్కా. ఒక్కొక్క లైను కింద ఒక మనిషి ఉన్నడు." రేడియోల చెప్పిన మాట మల్ల చెప్పాలంట, విన్నది సరిగ్గ విన్నడో లేదో తెలుసుడుకు. ఆ అలవాటు ఇంటికి తెచ్చిండు. ఫెబా "ఉప్పు తెండ్రి" అంటే, వాడు "ఉప్పు, ఒక ప్యాకెట్టు, తెస్తున్న" అంటుండె. అని చక్కెర తెస్తుండె, అది వేరే సంగతి.

నన్ను కూడ ఒకసారి ఎక్కించిండు. బేగంపేటల పొద్దుగాల ఎనిమిదింటికి. అది విమానమా? మా దవాఖాన అంబులెన్సే నయం. తలుపు మూస్తే డబ్బా సప్పుడు. పైకి పోయేదాక నేను కండ్లు మూసుకొని ప్రార్థన చేసిన. తెరిచి చూస్తే, ఏం చెప్పాలె, నోయలు బొమ్మ లెక్క కూసున్నడు. మోకాలు ఊగుతలేదు. వేళ్ళు కదుల్తలేవు. ఇరవై నిమిషాలు పోయినంక ముందట మబ్బు మసక మసకగ కనవడ్డది. రేడియోల ఏదో చెప్పి, మెల్లగ వెనకకు మలిపిండు. "ఏమైందిరా?" అన్న. "ఏం కాలే. ఏం కాకముందే పోదాం" అన్నడు. ఆ ఒక్క మాటకు నేను వానికి ఫిదా అయిపోయిన. కిందికి దిగంగనే మల్ల తాళంచేతులు తిప్పుడు మొదలుపెట్టిండు.

ఈ ఆకాశం కానూనును వాడు లారీల మీదికి దించిండు. ప్రతి డ్రైవరుకు ఒక కార్డు. బండి కదలకముందు చుట్టు తిరిగి గట్టిగ చదువుకుంట చూడాలె. మొదటి లైను బ్రేకు. తొమ్మిది గంటల మీద స్టీరింగు పట్టొద్దు. ఆఫీసుల ఒక నల్ల బోర్డు పెట్టి నడుమ గీత కొట్టిండు. ఒక దిక్కు "రోడ్డు మీద", ఇంకో దిక్కు "నేల మీద". ఒంట్ల బాగలేనోడు, కన్ను ఆననోడు, నిద్ర చాలనోడు నేల మీద. మా డ్రైవరు పీరప్ప ఊకుంటడా, "సేటూ, లారీ ఎప్పుడు నేల మీదనే ఉంటది కదా, ఆకాశంల నడుపుతున్ననా నేను?" అన్నడు. అందరు నవ్విన్రు. నోయలు నవ్వలే.

రెండువేల ఏడు మే నెల ఆఖర్ల, మన్నాఏఖేళ్ళిల ఛాయి హోటలు ముందు సంసోనన్న చక్కర్ వచ్చి పడిపోయిండు. గిలాస చేతులకెల్లి జారింది, మనిషి బెంచీ మీదికెల్లి జారిండు. నిమిషంల లేచి కూసున్నడు. నోయలు ఉరికొచ్చి మొదలు మంచినీళ్ళు తాపిండు, తరువాత ఆయన జేబులకెల్లి లారీ తాళంచెవి తీసుకున్నడు. బోర్డు మీద "నేల మీద" కింద "సంసోను, ఆరు నెలలు" అని రాసిండు. నేను డాక్టరుకు చూపించిన. బీపీ గోలి ఎక్కువైంది, మార్చిండ్రు. ఆరు నెలలు మల్ల రాకుంటే నడపొచ్చు అన్నరు. నోయలు జీతం ఆపలే. గని ముప్పై ఏండ్లు స్టీరింగు పట్టినోడు గేటు కాడ కూసోని, వచ్చే పోయే లారీల లోడు మీద కప్పే తాటిపత్రి తాళ్ళు బిగించుడంటే ఎట్లుంటది? "ఒక్కసారే కదా నోయలయ్యా" అని బతిమాలిండు. నోయలు అందరి ముందు, "లారీ ఆగితే పక్కకు పెట్టొచ్చన్నా, నువ్వు ఆగితే ఎవరు పక్కకు పెడుతరు?" అన్నడు. మాట సరైందే. సరైన మాట కూడ ఒక్కొక్కసారి చెంపదెబ్బ లెక్క తగుల్తది.

సెప్టెంబరుల నోయలు స్నానాల గదిల పడ్డడు.

సప్పుడు విని నేను పోయిన. నేల మీద ఉన్నడు, కండ్లు తేలేసి. చెయ్యి పట్టి చూస్తే నాడి ఆగి ఆగి కొట్టుకుంటున్నది. రెండు నిమిషాలల మామూలు మనిషైండు. "పొద్దుగాల ఏం తినలే, అందుకే. ఏం కాదు" అన్నడు. అక్టోబరుల రెండోసారి, అన్నం ముందట, ముద్ద చేతుల ఉండంగనే ఒరిగిండు. పరీక్ష చేయించుకోమని నేను గట్టిగ పట్టువట్టిన. బీదర్లనే గుండె పటం తీయించిన. ఆ టైముకు అది మంచిగనే వచ్చింది. "ఇది చాలదురా, హైదరాబాదుల ఇరవై నాలుగు గంటలు ఛాతికి మిషిను కట్టి చూస్తరు, అప్పుడే దొంగ దొరుకుతడు" అన్న. వాడు ఒప్పుకోలే. ఎందుకో నాకెరుక. అండ్ల ఏమన్నా దొరికితే కాగితం మీదికెక్కుతది, కాగితం ఎక్కితే విమానం పోతది. రెండేండ్లకోసారి విమానాల డాక్టరు పరీక్ష చెయ్యాలె, అది ఆ నెలలనే ఉండె. పత్రంల ఒక ప్రశ్న ఉంటది: ఎప్పుడన్నా స్పృహ తప్పిందా? వాడు "లేదు" అని గీత కొట్టొచ్చిండు. నాకు వచ్చి చెప్పిండు కూడ. "ఎవరికీ చెప్పకక్కా. మార్చిల బేగంపేట బందు అయితదంట. శంషాబాదుల కొత్తది తయారైతున్నది, నా లారీలే సిమెంటు మోస్తున్నయి. నా సిమెంటుతోనే నా విమానానికి గోరీ. నవంబరుల జాయ్ పుట్టినరోజుకు నాలుగు సీట్ల విమానం అడిగిన, నలుగురం పోదాం. ఆ ఒక్కటి కానీ."

నేను ఊకున్న. ముప్పై ఏండ్లు నర్సు చేసి, ఆగి ఆగి కొట్టుకునే నాడిని నా చేతుల పట్టుకొని కూడ ఊకున్న. తమ్ముని మొఖం చూసిన, రోగం చూడలే. ఆ నెల రోజులు నాకు కూడ కుదురు లేదు. వాడు దగ్గితే ఉరుకుడు, తలుపు వేస్తే చెవి పెట్టుడు. జీపు నడుపుతుంటే పక్కన కూసోని వాని మొఖమే చూసుడు. స్టీరింగు పట్టరాదు నాకు, పక్కన కూసోని ఏం చేస్తనో దేవునికెరుక.

ఫెబాకు వాడు పడ్డ సంగతి తెలుసు, "లేదు" అని రాసిన సంగతి తెల్వదు. ఆమె ఇరవై ఒక్క దినాలు ఉపవాస ప్రార్థన చేసింది. విమానం నడుపుడుకు ఫిట్టు అని కాగితం చేతికి రాంగనే, దేవుడు విన్నడనుకున్నది. పాపం, ఎవరైనా అట్లనే అనుకుంటరు.

పుట్టినరోజు శనివారం. దాని ముందటి ఆదివారం గుడికి పోయినం. మాది పొద్దుగాల తెలుగు ఆరాధన, మా తరువాత కన్నడ ఆరాధన. వాక్యం అయినంక అయ్యగారు, "ఎవరన్నా సాక్ష్యం చెప్పేటోళ్ళున్నరా?" అన్నడు. మా దాంట్ల అది రివాజు. దేవుడు మేలు చేస్తే దాచుకోవద్దు, పదిమందిల నిలబడి చెప్పాలె. ఫెబా లేచింది. కొంగు పట్టి గుంజుదామంటే నాకంటే రెండు వరుసలు ముందున్నది.

"ప్రభువు నామానికి స్తోత్రం" అన్నది మైకుల. "నా భర్త విమానం నడుపుతడని మీకందరికి ఎరుకే. ఈ రెండు నెలలల రెండుసార్లు స్పృహ తప్పి పడిపోయిండు. నేను ఎవరికీ చెప్పకుంట దేవుని పాదాల కాడనే పెట్టిన. విమానాల డాక్టరే పరీక్ష చేసి, ఏ జబ్బు లేదని రాసిచ్చిండు. వచ్చే శనివారం నా బిడ్డ పుట్టినరోజుకు మేమందరం ఆ విమానంలనే ఎక్కుతున్నం. దేవుడు చేసిన మేలుకు కృతజ్ఞతార్పణ తెచ్చిన."

గుడంతా "ఆమెన్!" అన్నది. "హల్లెలూయా!" అన్నది. ఇంటి గుట్టు లంకకు చేటంటరు, మా గుట్టు మైకుల పోయింది. నోయలు తాళంచేతులు తిప్పుతలేడు, గట్టిగ పిడికిట్ల పట్టిండు. నేను మెడ తిప్పి చూసిన. మూడో వరుసల సంసోనన్న. అందరి నోర్లు తెరుచుకున్నయి, ఆయన నోరు మూసుకునే ఉన్నది.

బయటికొచ్చినంక జీపు కాడ ఆయన అడ్డమొచ్చిండు. గొంతు పెంచలే.

"నోయలయ్యా, నాకు ఎన్నిసార్లు వచ్చింది చక్కర్?"

"అన్నా, ఇప్పుడు కాదు."

"ఒక్కసారి. నీకు రెండుసార్లు. ఆ డాక్టరుకు చెప్పినవా?"

"అది వేరు, ఇది వేరు. పరీక్ష చేసిండ్రు నన్ను. పక్కకు జరుగు."

"అవును, వేరే. లారీ ఆగితే పక్కకు పెట్టొచ్చు" అని పక్కకు జరిగిండు.

ఇంట్ల అన్నానికి కూసున్నం. జాయ్‌కి అప్పుడు పదిహేను నిండొస్తున్నయి, ఆ కానూను పుస్తకాలన్నీ దాని నోట్లనే ఉన్నయి. కంచం దిక్కు చూసుకుంటనే అడిగింది, "నాయనా, పత్రంల స్పృహ తప్పిందా అని ఉంటది కదా. నువ్వు ఏం రాసినవు?" నోయలు ముద్ద కింద పెట్టి లేచిపోయిండు. ఫెబా నా దిక్కు చూసింది. "వదినా, నీకు తెలుసా?" అన్నది. నేను తల దించుకున్న. ఫెబా ఏడ్వలే, నన్ను ఒక్క మాట అనలే. కంచాలు ఎత్తుకొని లోపలికి పోయింది. అంతకంటే తిట్టినా బాగుండె.

సాయంత్రం దాక వాడు మిద్దె మీద ఇటుకెల్లి అటు, అటుకెల్లి ఇటు నడుస్తనే ఉన్నడు. కింద గదిల నాకు ఆ అడుగులు వినవడ్తనే ఉన్నయి. ఒక్కొక్కసారి ఆగుతుండె. ఆగంగనే నేను మెట్ల కాడికి ఉరికేదాన్ని, పడ్డడేమోనని. మల్ల నడక మొదలైతుండె, మల్ల వచ్చి కూసుంటుంటి.

సోమవారం పొద్దుగాల జీపు తీసిండు. నేను చెప్పులేసుకొని పక్కసీట్ల కూసున్న. "దిగక్కా" అన్నడు. "దిగను" అన్న. మన్నాఏఖేళ్ళికి పోయినం.

ఆఫీసు కాడ డ్రైవర్లందరు గుంపుగ ఉన్నరు. మేం దిగంగనే మాటలు ఆగినయి. పీరప్ప గొంతు మాత్రం జర ఆలస్యంగ ఆగింది, "...సేటుకు కూడ చక్కర్ వస్తదంట" అన్నంత దాక వినవడ్డది. నోయలు మొఖం ఎర్రగైంది. దబదబ లోపలికి పోయి, చేతితోనే బోర్డు మీద సంసోనన్న పేరు తుడిచేసిండు. గోడకున్న తాళంచెవి తీసి బల్ల మీద ఇసిరిండు.

"తీస్కో అన్నా. ఎక్కు. నడుపు. ఇప్పుడు సమానమేనా? అందరి కడుపులు చల్లగైనయా?"

సంసోనన్న తాళంచెవి దిక్కు చూసిండు. ఆరు నెలల నుంచి ఆయన రోజు చూస్తున్న తాళంచెవే అది. ముట్టలే.

"ఇంక పది దినాలున్నది నోయలయ్యా. డాక్టరు చెప్పిన దినం రాలే."

"ఒక్కసారే కదా అన్నా అని నువ్వే కదా ఏడ్చినవ్!"

"ఏడ్చిన. అయినా నువ్వు సరిగ్గనే చేసినవ్." ఆయన బెంచీ మీద కూసున్నడు. నన్ను చూసిండు, మల్ల వాణ్ణి చూసిండు. "సిస్టరమ్మా, నువ్వు కూడ ఉండుడు మంచిదైంది. ఒక మాట చెప్త. ముప్పై రెండేండ్ల సంది కడుపుల ఉన్నది. నోయలయ్యా, నీ కార్డుల మొదటి లైను బ్రేకు. ఎందుకు రాసినవో నాకెరుక. ఆ దినం యెహోషువ మామ బండి బ్రేకులు మంచిగనే ఉండె."

సంసోనన్న ఆగకుంట చెప్పుకుంట పోయిండు.

"వరుసగ మూడో ట్రిప్పు అది. మామ కండ్లు మూతలు పడుతుండె. ఇదే మన్నాఏఖేళ్ళిల, 'మామా, ఒక్క అర్ధగంట పండుకో, నేను లేపుత' అన్న. 'ఏం కాదురా, మంచిగనే ఉన్న' అన్నడు. చెట్టు వచ్చేదాక కండ్లు తెరవలే. బ్రేకు మీద కాలే పెట్టలే ఆయన. తెల్లారి మీ అమ్మ ముందట నిలవడి, నీ పెనిమిటి నిద్రపోయిండని ఎట్ల చెప్పాలె? డ్రైవరు ఇజ్జత్ పోతదని బ్రేకుల మీదికి తోసిన. తప్పు నాది. నువ్వు ఇన్నేండ్లు బండ్లనే చూసుకుంట వచ్చినవ్."

నాకు మా అమ్మ యాదికొచ్చింది. ఆ సేటును తిట్టి తిట్టి అలిసిపోయిన అమ్మ. బజార్ల నేను మొఖం తిప్పుకున్న ఆ ముసలాయన, ఎప్పుడో సచ్చిపోయిండు, ఎవరికి పోయి చెప్పాలె ఇప్పుడు? నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

సంసోనన్న లేచి, సుద్దముక్క తీసుకొని, "నేల మీద" కింద తన పేరు తానే మల్ల రాసుకున్నడు. ఆయన చదువు రెండో తరగతి. అక్షరాలు ఒకటి పెద్దగ, ఒకటి చిన్నగ. పక్కన "పది దినాలు" అని కూడ రాసిండు. సుద్దముక్కను బల్ల మీద పెట్టి పోయి గేటు కాడ తన కుర్చీల కూసున్నడు.

నోయలు చేతికంటిన సుద్దపొడి అంగీకి తుడుచుకున్నడు. అటు నడిచిండు, ఇటు నడిచిండు. ఆఖరుకు సుద్దముక్క తీసుకొని, సంసోనన్న పేరు కింద "నోయలు" అని రాసిండు. ఎన్ని నెలలో రాయలే. జీపు తాళంచెవి తీసి పీరప్ప చేతుల పెట్టి, "అక్కను నన్ను హైదరాబాదు తీస్కపో. మెల్లగ పో" అన్నడు. పీరప్ప అలవాటు తప్పి ఏం జోకు వెయ్యలే. "హైదరాబాదు, మెల్లగ పోతున్న" అన్నడు.

దార్లనే వాడు ఫోను చేసి, స్పృహ తప్పిన సంగతి విమానాల డాక్టరుకు తన నోటితోనే చెప్పిండు. ఎందుకు ముందే చెప్పలేదని అటుకెల్లి గట్టిగనే అడిగినట్టున్నరు. "భయపడి సార్" అన్నడు. మా నోయలు నోట్ల ఆ మాట నేను ఎన్నడు వినలే. మిషిను కడితే దొంగ దొరికిండు. గుండె నడుమ నడుమ నాలుగు సెకండ్లు ఆగి, మల్ల కొట్టుకుంటున్నది. నాలుగు సెకండ్లు! శనివారం నలుగురం పైన ఉంటుంటిమి. గుండె ఆగకుంట నడిపించే చిన్న మిషిను ఛాతిల పెట్టిన్రు. జాయ్ పుట్టినరోజు దవాఖాన గదిలనే అయింది, కేకు ముక్క నర్సులకు కూడ పెట్టినం. లైసెన్సు సొరుగుల ఉన్నది. మల్ల ఎగురనిస్తరో లేదో అర్జీ పెట్టుకున్నడు. అది ఢిల్లీకి పోయింది, ఢిల్లీల నిద్ర పోతాంది. ఆ తరువాతి ఆదివారం సాక్ష్యాల టైముకు నేనే లేచి, నర్సునై ఉండి నోరు మూసుకున్న సంగతి చెప్పుకున్న. దానికి ఎవరు ఆమెన్ అనలే. ఫెబా మాత్రం నా చెయ్యి పట్టింది.

ఫిబ్రవరిల వాణ్ణి మల్ల చూపించుకోవాలె. జీపు వద్దన్నడు. "సంసోనన్న లోడు తీస్కపోతుండు, అండ్లనే పోదాం" అన్నడు. అప్పటికి సంసోనన్న పేరు బోర్డు మీదికెల్లి పోయి రెండు నెలలైంది. డాక్టరు సంతకం చూసినంకనే తుడిచిన్రు. ముగ్గురం క్యాబిన్ల. సంసోనన్న స్టీరింగు మీద, నేను నడుమ, నోయలు క్లీనరు కూసునే దిక్కు. వాని మోకాలు ఊగుతనే ఉన్నది, నా మోకాలుకు తగుల్తనే ఉన్నది.

మన్నాఏఖేళ్ళిల అన్నం తిన్నం. ఊరు దాటినంక, ఆ చింతచెట్టు కంటే ముందే, సంసోనన్న లారీని మెల్లగ రోడ్డు దించి ఆపిండు. చెట్టు ఇప్పుడు లేదు, రోడ్డు పెద్దగ చేసినప్పుడు కొట్టేసిన్రు. అయినా అది ఎక్కడుండెనో మా ముగ్గురికి ఎరుకే.

"అర్ధగంట పండుకుంట" అన్నడు. "కండ్లు బరువైనయి."

నోయలు గడియారం చూసిండు. అటు డాక్టరు టైము ఉన్నది, ఇటు లోడు దింపాలె. నేను వాని మొఖం చూస్తనే ఉన్న, ఇగ ఏమన్నా అంటడని. ఏం అనలే. సంసోనన్న స్టీరింగు మీద తల పెట్టుకున్నడు. బీదరు దిక్కునుంచి విమానం సప్పుడొచ్చింది, మా నెత్తి మీదికెల్లి పోయింది. నోయలు తల ఎత్తలే. ఆ మనిషి ఊపిరి తీసుడు చూసుకుంట కూసున్నడు. కొంచెం సేపైనంక చూస్తే నా మోకాలుకు ఏం తగుల్తలేదు. అర్ధగంట, కదలకుంట. ఇదే ఆ రెండోసారి.

సంసోనన్న లేచి, సీసల నీళ్ళతోని మొఖం కడుక్కున్నడు. నోయలు జేబులకెల్లి కార్డు తీసిండు. కొత్తగ అచ్చు కొట్టించిండు. బ్రేకు ఇప్పుడు రెండో లైను.

"నేను ఇప్పుడు నడిపేటంత మంచిగున్ననా?" అని మొదటి లైను చదివిండు.

సంసోనన్న జర సేపు ఆలోచన చేసిండు. తరువాత, "ఉన్న" అని చెప్పి బండి స్టార్టు చేసిండు.